పశువుల ఎరువు, లోహాలు, వాననీరు: పొలం నుంచి చెరువు దాకా – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పశువుల ఎరువు నేలకు బలమన్నది తరతరాల అనుభవం చెప్పిన సత్యం. అయితే పశువు తినే మేత మారినప్పుడు ఎరువు స్వభావమూ మారుతుంది. ఆధునిక కోళ్ల ఫారాలలో, పందుల, పాడిపశువుల పెంపకంలో దాణాతోనూ మందులతోనూ చేరే రాగి, జింకు వంటి లోహాలు ఎరువు ద్వారా పొలానికి, పొలం నుంచి వాననీటి ద్వారా జలాశయాలకు చేరుతున్నాయి. ఎరువు ఈ తరలింపును కొన్ని పరిస్థితులలో పెంచుతుంది, మరికొన్ని పరిస్థితులలో తగ్గిస్తుంది. ఈ రెండు ప్రభావాల వెనుక ఉన్న కారణాలను, అమెరికా, ఐరోపా దేశాల అనుభవాలను, తెలుగు నేలలకు వాటి అన్వయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, రాగి, జింకు, ఆర్సెనిక్, ఉపరితల ప్రవాహం, పూడిక మట్టి.

1. ప్రవేశిక

తెలుగులో 'ఎరువు' అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. పొలానికి బలం కోసం వేసేది ఒకటి. అవసరానికి ఇతరుల దగ్గర అడిగి తెచ్చుకుని, తిరిగి ఇవ్వవలసిన వస్తువు రెండవది. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెతలో కనిపించేది ఈ రెండవ అర్థమే. ఈ రెండు అర్థాల మధ్య వ్యుత్పత్తి సంబంధం ఉన్నా లేకున్నా, పాతకాలపు సాగులో రెండూ ఒకచోట కలిసేవి. ఊరి పొలంలో పండిన గడ్డినే ఊరి పశువు తినేది. ఆ పేడ పెంటకుప్పలో మాగి, వేసవిలో బండ్ల మీద తిరిగి అదే ఊరి పొలానికి చేరేది. గడ్డితో పాటు నేల నుంచి వెళ్లిన రాగి, జింకు పేడతో పాటు నేలకే తిరిగి వచ్చేవి. నేల ఇచ్చినది నేలకే ముట్టేది.

నేటి పరిస్థితి వేరు. కోడి తినే మొక్కజొన్న, సోయా చెక్క ఎక్కడో పండుతాయి. అందులో కలిపే ఖనిజ మిశ్రమం కర్మాగారంలో తయారవుతుంది. ఆ కోళ్ల ఎరువు లారీల మీద ఇంకొక ఊరి పొలానికి చేరుతుంది. దానితో వచ్చే లోహం ఆ నేల ఎన్నడూ ఇవ్వనిది. ఎరువులోని సేంద్రియ పదార్థం కాలక్రమంలో కుళ్లి రూపం మారుతుంది. నత్రజని కొంత పైరుకు అంది, కొంత గాలిలో కలిసిపోతుంది. లోహం మాత్రం కుళ్లదు, ఆవిరి కాదు. నేలలో నిలిచి ఉండడం, పంటతో బయటికి రావడం, నీటితో కొట్టుకుపోవడం తప్ప దానికి వేరే దారి లేదు. ఈ వ్యాసంలో పరిశీలించేది ప్రధానంగా మూడవ దారిని.

2. దాణా నుంచి ఎరువులోకి

రాగి, జింకు జీవులకు విషాలు కావు, అత్యవసర పోషకాలు. ఎముకల పెరుగుదలకు, రోగనిరోధక శక్తికి, ఎన్నో ఎంజైముల పనికి అవి కావాలి. అయితే అవసరమైన మోతాదు చాలా స్వల్పం. ఎదిగే పందికి కిలో దాణాలో 5, 6 మిల్లీగ్రాముల రాగి సరిపోతుంది. కిలోకు 125 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా రాగి కలిపితే పందులు త్వరగా పెరుగుతాయని 1950ల మధ్యలో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాలు చూపాయి. అప్పటి నుంచి ఆ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది. తల్లిపాలు మాన్పించిన పంది పిల్లలకు వచ్చే విరేచనాలను ఆపడానికి జింకు ఆక్సైడును కిలో దాణాకు 2,500 మిల్లీగ్రాముల జింకు అందేటంత మోతాదులో వాడడమూ ఆనవాయితీ అయింది. పాడిపశువుల విషయంలో మరొక మార్గం ఉంది. గిట్టల జబ్బులు రాకుండా పశువులను మైలుతుత్తం ద్రావణంలో నడిపిస్తారు. వాడిన ద్రావణం చాలాచోట్ల పేడ గుంటలోకే పోతుంది.

అవసరానికి మించి తిన్న లోహాన్ని శరీరం నిలుపుకోదు. పందులు తిన్న రాగిలో, జింకులో సుమారు 80 నుంచి 95 శాతం విసర్జన ద్వారా బయటికి వస్తుంది. తిన్న మేతలో అధిక భాగం జీర్ణమైపోతుంది. లోహం మాత్రం దాదాపు అంతా మిగులుతుంది. అందువల్ల దాణాలో కంటే ఎరువులో దాని గాఢత పెరుగుతుంది.

ఇంగ్లండు, వేల్సులలో చేసిన సర్వే ఫలితాలు 1999లో ప్రచురితమయ్యాయి. వాటి ప్రకారం ఎండు బరువు లెక్కన కిలో పశువుల ఎరువులో సుమారు 180 మిల్లీగ్రాముల జింకు, 50 మిల్లీగ్రాముల రాగి ఉన్నాయి. కోళ్ల ఎరువులో అవి సుమారు 400, 80 మిల్లీగ్రాములు. పందుల ఎరువులో సుమారు 500, 360 మిల్లీగ్రాములు. ఈ అంకెలు ఆ దేశానివే అయినా ఒక సాధారణ సూత్రాన్ని చూపుతున్నాయి. మేతలో దాణా వాటా పెరిగిన కొద్దీ ఎరువులో లోహం పెరుగుతుంది. కాబట్టి 'సేంద్రియ ఎరువు' అన్న ఒకే పేరు కింద వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం శాస్త్రీయం కాదు.

3. నేలలో పేరుకునే తీరు

ఒక ఉదాహరణ లెక్క ద్వారా దీన్ని సులభంగా గ్రహించవచ్చు. హెక్టారు పొలానికి ఏటా ఎండు బరువులో 5 టన్నుల కోళ్ల ఎరువు వేశారనుకుందాం. కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున దానితో 2 కిలోల జింకు చేరుతుంది. 6 టన్నుల వరి ధాన్యం ఆ పొలం నుంచి తీసుకుపోయే జింకు సుమారు పావు కిలో మాత్రమే. మిగిలిన కిలో ముప్పావు నేలలోనే ఉండిపోతుంది. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 2,000 టన్నులు. అంటే ఏటా కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము కంటే కొంచెం తక్కువ జింకు చేరుతుంది. ఒక ఏడాదికి ఇది లెక్కలోకి రానంత స్వల్పం. ఇరవై ఏళ్లకు మట్టి పరీక్షలో స్పష్టంగా కనిపించేంత.

ఈ లెక్కకు రెండవ పార్శ్వమూ ఉంది. తెలుగు ప్రాంతాల వరి నేలల్లో జింకు లోపం సర్వసాధారణం. దానికి హెక్టారుకు 50 కిలోల జింకు సల్ఫేటు వేయాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచిస్తారు. అందులో ఉండే జింకు సుమారు 10 కిలోలు. పై ఉదాహరణలో అయిదేళ్ల కోళ్ల ఎరువు ఇచ్చేది అంతే. కనుక లోపం ఉన్న నేలలో ఈ జింకు కాలుష్యం కాదు, పోషకం. లోపం తీరిన తరువాత కూడా ఏటా అదే మోతాదు వేస్తూ పోయినప్పుడు, లేదా ఫారానికి దగ్గర ఉన్న కొద్ది ఎకరాలలోనే ఎరువంతా గుమ్మరించినప్పుడు అదే లోహం భారమవుతుంది. మేలుకూ కీడుకూ మధ్య గీతను నిర్ణయించేది మోతాదు, స్థలం, కాలం.

4. వాన పడినప్పుడు: మూడు మార్గాలు

పొలం నుంచి లోహం నీటితో తరలిపోయే మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది, నేల పైన పరచిన ఎరువు రేణువులే వాననీటితో కొట్టుకుపోవడం. రెండవది, లోహాన్ని పట్టి ఉంచిన మట్టి రేణువులు కోతకు గురై కదలిపోవడం. మూడవది, లోహం నీటిలో కరిగి, నేల మీదుగానో భూమిలోకి ఇంకో ప్రవహించడం.

మూడవ మార్గంలో ఎరువు పాత్ర విచిత్రమైనది. సేంద్రియ పదార్థంలోని గట్టి భాగం రాగిని బలంగా బంధించి నేలలో నిలుపుతుంది. అదే సేంద్రియ పదార్థంలో నీటిలో కరిగే భాగం రాగితో జత కట్టి దాన్ని తనతో మోసుకుపోతుంది. ఎరువు తాజాగా ఉన్నప్పుడు కరిగే భాగం ఎక్కువ. మాగిన కొద్దీ తగ్గుతుంది. అందువల్ల ఒకే ఎరువు కొత్తలో రాగికి వాహనంగా, మాగిన తరువాత సంకెలగా పనిచేస్తుంది. జింకు స్వభావం వేరు. దాన్ని ఎక్కువగా శాసించేది నేల ఆమ్లత్వం. ఆమ్ల నేలల్లో జింకు సులభంగా నీటిలోకి వస్తుంది. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో గట్టిగా నిలుస్తుంది.

ప్రవాహంతో పోయే లోహ భారాన్ని తేల్చేవి రెండు అంశాలు: నీటిలో లోహం గాఢత, పొలం దాటిపోయే నీటి పరిమాణం. ఎరువు మొదటిదాన్ని పెంచుతుంది. రెండవదాన్ని తగ్గించగలదు. ఏటా ఎరువు వేసే నేలలో మట్టి కణాలు గడ్డకట్టి గుల్లబారతాయి. వాననీరు పారిపోకుండా ఇంకుతుంది. సహజ వర్షపాతంలో కొలిచిన ప్రయోగ మడుల సమాచారాన్ని క్రోడీకరించి అమెరికా పరిశోధకులు గిల్లీ, రిస్సీ 2000లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఎరువు వేసిన మడులలో ఉపరితల ప్రవాహం 2 నుంచి 62 శాతం, మట్టి కోత 15 నుంచి 65 శాతం తగ్గాయి.

ఈ రెండు ప్రభావాలూ ఒకే సమయంలో పనిచేయవు. నేల గుల్లబారడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఎరువు రేణువులు కొట్టుకుపోవడానికి ఒక్క వాన చాలు. ఎరువు చల్లిన వెంటనే కురిసిన వానలో లోహ గాఢత అత్యధికంగా ఉండి, తరువాతి వానలలో క్రమంగా తగ్గుతుంది. కాబట్టి ఎరువు వేస్తే లోహ ప్రవాహం పెరుగుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. మొదటి వానకు పెరుగుతుంది. ఎరువు మట్టిలో కలిసి, మోతాదు మితంగా ఉంటే దీర్ఘకాలంలో తగ్గే అవకాశం ఉంది. మోతాదు మితిమీరితే నేలలో పేరుకున్న లోహం ఆ మేలును క్రమేణా హరిస్తుంది.

నీటిని చేరిన లోహం మనిషి కంటే ముందు జలచరాలను తాకుతుంది. మన దేశంలో తాగునీటి ప్రమాణం లీటరుకు 5 మిల్లీగ్రాముల జింకును అంగీకరిస్తుంది. నీటి ఈగల వంటి సూక్ష్మ జలచరాలకు అంతకంటే ఎంతో తక్కువ గాఢతే హానికరం. చెరువులలో పాచిని చంపడానికి మైలుతుత్తం వాడతారంటేనే రాగి పట్ల జలజీవుల సున్నితత్వం అర్థమవుతుంది. పాచి జాతుల మీద బతికే కీటకాలు, వాటి మీద బతికే చేపలు ఒకే గొలుసులోని కొక్కేలు.

5. ఆర్సెనిక్ నేర్పిన పాఠం

ఈ విషయంలో అత్యంత స్పష్టమైన అనుభవం అమెరికాది. కోళ్లలో కాక్సిడియోసిస్ నివారణకు, ఎదుగుదలకు రాక్సార్సోన్ అనే ఆర్సెనిక్ మందును దాణాలో కలపడానికి అక్కడ 1944లో అనుమతి లభించింది. ఆర్సెనిక్ అర్ధలోహమే అయినా పర్యావరణ చర్చలో లోహాలతో కలిపే చూస్తారు. ఈ మందులోని సేంద్రియ ఆర్సెనిక్ తక్కువ హానికరమని, కోడి దాన్ని చాలావరకు అలాగే విసర్జిస్తుందని అప్పటి భరోసా. ఆ రెండవ మాట నిజమే. ప్రమాదం అక్కడే మొదలైంది. కోళ్ల ఎరువులో, నేలలో ఉండే సూక్ష్మజీవులు ఆ సేంద్రియ రూపాన్ని విషపూరితమైన నిరింద్రియ ఆర్సెనిక్‌గా మార్చాయి. ఎరువులోని ఆర్సెనిక్‌లో అధిక భాగం నీటిలో కరిగే రూపంలో ఉంటుందని పరీక్షలు చూపాయి.

డెలావేర్, మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలు పంచుకునే డెల్మార్వా ద్వీపకల్పం బ్రాయిలర్ కోళ్ల పరిశ్రమకు కేంద్రం. అక్కడి నేలలు చాలావరకు ఇసుక పాలు ఎక్కువగా ఉన్నవి. భూగర్భజలం నేలమట్టానికి దగ్గరగా ఉంటుంది. పొలాల నీరు చీసపీక్ అఖాతానికి చేరుతుంది. దశాబ్దాల పాటు కోళ్ల ఎరువు పడిన ఆ పొలాలు ఈ చర్చకు ప్రధాన వేదిక అయ్యాయి.

రాక్సార్సోన్ తిన్న కోళ్ల కాలేయంలో నిరింద్రియ ఆర్సెనిక్ ఉన్నట్లు అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ పరీక్షల్లో తేలిన తరువాత, 2011లో తయారీదారు దాని అమ్మకాన్ని నిలిపివేశాడు. మేరీలాండ్ రాష్ట్రం 2012లో నిషేధ చట్టం చేసింది. 2014లో మూడు ఆర్సెనిక్ మందులకు, 2015 చివరికి మిగిలిన నాలుగవ దానికి అనుమతులు రద్దయ్యాయి. అనుమతికీ రద్దుకూ మధ్య గడిచిన కాలం దాదాపు ఏడు దశాబ్దాలు.

మందు ఆగినా నేలలో చేరిన ఆర్సెనిక్ ఆగిన నాడే మాయం కాదు. ఇనుము ఆక్సైడులు దాన్ని పట్టి ఉంచుతాయి. ఎరువుతో వచ్చే ఫాస్ఫేటు అవే స్థానాల కోసం పోటీపడి ఆర్సెనిక్‌ను బయటికి నెడుతుంది. నీరు నిలగట్టిన మాగాణిలో ప్రాణవాయువు తగ్గి ఇనుము ఆక్సైడులు కరిగినప్పుడూ అది విడుదలవుతుంది. వరి సాగు చేసే దేశాలు ఈ పాఠాన్ని ప్రత్యేకంగా గమనించవలసిన కారణం ఇదే.

6. ఐరోపా అనుభవం

ఐరోపాలో చర్చ రాగి, జింకుల చుట్టూ సాగింది. డెన్మార్క్‌లో 1986 నుంచి 2014 వరకు జాతీయ స్థాయిలో ఎంపిక చేసిన స్థలాల మట్టిని విడతలుగా పరీక్షించారు. పందుల ఎరువు వేసిన పొలాలలో రాగి, జింకు పెరిగినట్లు అందులో తేలింది. ఇంగ్లండు, వేల్సులలో వేసిన అంచనా ప్రకారం వ్యవసాయ భూములకు చేరే మొత్తం రాగి, జింకులలో 37 నుంచి 40 శాతం పశువుల ఎరువు వాటా. గాలి నుంచి రాలేది, మురుగునీటి మడ్డి, రసాయనిక ఎరువులు మిగిలిన మార్గాలు. కాడ్మియం విషయంలో ఫాస్ఫేటు ఎరువులు ముఖ్యమైన మూలం కనుక, పశువుల ఎరువును మాత్రమే దోషిగా నిలబెట్టడం సరికాదు.

ఐరోపా సమాఖ్య చేపట్టిన చర్యలు పొలం దగ్గర కాక దాణా తొట్టి దగ్గర మొదలయ్యాయి. దాణాలో జింకు, రాగి పరిమితులను క్రమంగా తగ్గించారు. మందు మోతాదులో జింకు ఆక్సైడు వాడకానికి 2022 జూన్‌లో ముగింపు పలికారు. నేలలో పేరుకోవడంతో పాటు మరొక భయం కూడా దీనికి కారణం. అధిక లోహాన్ని తట్టుకునే బ్యాక్టీరియాలో యాంటీబయాటిక్‌లను తట్టుకునే గుణమూ తరచు జతగా ఉంటుంది. లోహం ఒకదాన్ని పోషిస్తే రెండవదీ పెరుగుతుంది.

7. తెలుగు నేలల సందర్భం

దేశంలో కోడిగుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. అంత ఉత్పత్తి ఉన్నచోట అంత ఎరువూ ఉంటుంది. అది కూరగాయల తోటలకు, పండ్ల తోటలకు, వరి పొలాలకు, కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువులకు చేరుతోంది. రసాయనిక ఎరువుల ఖర్చు పెరిగిన రైతుకు ఇది అందుబాటులో ఉన్న బలం. దాన్ని కాదనమనే హక్కు ఎవరికీ లేదు. దానిలో ఏముందో తెలుసుకునే హక్కు మాత్రం రైతుకు ఉంది.

మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సేంద్రియ కంపోస్టుకు లోహ పరిమితులను నిర్ణయించింది. కిలోకు రాగి 300, జింకు 1,000, సీసం 100, ఆర్సెనిక్ 10, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదు. ఈ హద్దులు సరుకుగా తయారై అమ్మకానికి వచ్చే కంపోస్టును ఉద్దేశించినవి. షెడ్డు నుంచి లారీలో నేరుగా పొలానికి దిగే ఎరువును రైతు లోడు లెక్కన కొంటాడు. దాని వెంట పరీక్షా పత్రం రాదు.

ఇక్కడి ఋతుక్రమం కూడా విషయాన్ని తీవ్రం చేస్తుంది. ఎరువు తోలేది వేసవిలో. కుప్పలుగా పోసి, తొలకరి దాకా పొలంలో ఉంచడం ఆనవాయితీ. తొలకరి జల్లు మెల్లగా పడితే కుప్ప తడిసి మాగుతుంది. ఒక్కసారిగా కుండపోతగా కురిస్తే, కలియదున్నని ఎరువు వాలు వెంట కాలువకు, కాలువ నుంచి చెరువుకు పోతుంది. మట్టి మీద పైరు నీడ లేని ఆ రోజులలోనే ప్రవాహానికి అడ్డు అతి తక్కువ.

చెరువు చేరిన లోహం అడుగున పూడికలో స్థిరపడుతుంది. పూడిక మట్టిని తిరిగి పొలాలకు తోలడం దక్కను ప్రాంతపు పాత సంప్రదాయం. తెలంగాణలో 2015లో మొదలై 46,531 చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకున్న మిషన్ కాకతీయ ఆ సంప్రదాయానికి కొత్త ఊపు ఇచ్చింది. పూడిక మట్టి ఎర్ర చెలకలకు నిజంగా బలమే. పొలం కోల్పోయిన మెత్తని మట్టిని అది తిరిగి ఇస్తుంది. అదే దారిన పొలం కోల్పోయిన లోహాన్నీ ఇవ్వగలదు. కాబట్టి ఫారాలు దట్టంగా ఉన్న పరీవాహక ప్రాంతాలలోనైనా పూడిక తోలకానికి ముందు పోషకాలతో పాటు లోహాలనూ పరీక్షించడం అవసరం.

8. నివారణ మార్గాలు

ఒక అపోహను ముందుగా తొలగించాలి. కంపోస్టు చేయడం, వానపాములతో మాగించడం, గోబర్ గ్యాసు తీయడం ఎరువులోని రోగకారక జీవులను, దుర్వాసనను తగ్గిస్తాయి. కరిగే సేంద్రియ పదార్థాన్ని తగ్గించి లోహాన్ని కొంత స్థిరపరుస్తాయి. లోహాన్ని తొలగించవు. 100 కిలోల ఎండు ఎరువు మాగి 60 కిలోలైతే, కిలోకు 400 మిల్లీగ్రాములున్న జింకు దాదాపు 670 మిల్లీగ్రాములవుతుంది. అందువల్ల కంపోస్టును పాత ఎరువు బరువుతో సమానంగా వేయరాదు.

పొలం స్థాయిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. భారీ వాన సూచన ఉన్నప్పుడు ఎరువు చల్లకుండా ఉండడం, చల్లిన వెంటనే కలియదున్నడం, వాలుకు అడ్డంగా దున్నడం, గట్ల వెంట, కాలువల వెంట గడ్డి పట్టీ నిలపడం, ఆమ్ల నేలలకు సున్నం వేయడం, ఎరువు మోతాదును మట్టి పరీక్షను బట్టి నిర్ణయించడం. ఇవి ప్రవాహాన్ని తగ్గిస్తాయి; నేలలో పేరుకోవడాన్ని ఆపేది వీటిలో చివరిది ఒక్కటే.

మూలంలో చేయగలిగినది దాణాలోనే ఉంది. ధాన్యంలోని ఫైటేట్ జింకును బంధించి పక్షికి అందనీయదు. దాణాలో ఫైటేజ్ ఎంజైము కలిపితే ఆ బంధం విడి, తక్కువ జింకుతోనే అవసరం తీరుతుంది. సులభంగా ఒంటబట్టే రూపంలో ఖనిజాలను ఇవ్వడం మరొక మార్గం. ఫారం యజమానికి ఇది ఖర్చులో చిన్న మార్పు. రైతు నేలకు తరాల తేడా.

9. ముగింపు

పశువుల ఎరువు లోహ ప్రవాహాన్ని పెంచేదీ అదే, తగ్గించేదీ అదే. తాజా ఎరువు, మొదటి వాన, దున్నని నేల కలిసినచోట పెరుగుతుంది. మాగిన ఎరువు, మితమైన మోతాదు, గుల్లబారిన నేల కలిసినచోట తగ్గుతుంది. ఈ రెంటికీ మించి నిర్ణయాత్మకమైనది ఎరువులోకి వచ్చిన లోహం ఎంత అన్నది. అది దాణా కలిపే చోట నిర్ణయమవుతుంది. దాని ఫలితాన్ని అనుభవించేది ఆ నిర్ణయంతో సంబంధం లేని రైతు, అతని పొలానికి దిగువన ఉన్న చెరువు.

ఆర్సెనిక్ విషయంలో అమెరికా ఏడు దశాబ్దాలకు తెలుసుకున్నదాన్ని, జింకు విషయంలో ఐరోపా నేల పరీక్షల ద్వారా గ్రహించినదాన్ని తెలుగు రాష్ట్రాలు ముందుగానే ఉపయోగించుకోవచ్చు. లోడుతో పాటు లోహ వివరాల పత్రం రైతు చేతికి రావడం అందుకు తొలిమెట్టు. ఎరువు తెచ్చుకున్న సొమ్మును ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వవచ్చు. నేలకు చేరిన లోహాన్ని తిరిగి ఇచ్చే చోటు లేదు.